మీటరు మందం చల్లదనం

మే 11, 2024

ఈ ఏడు మొదటిసారి పడవ దించాం. ఉత్తర మిన్నెసోటాలో మా చిన్న సరస్సు మీద మంచుగడ్డ మామూలుగా ఏప్రిల్ చివర్లో గానీ పోదు. ఈసారి మార్చిలోనే పోయింది. రాష్ట్రంలో చాలా సరస్సులది ఇదే కథ. ఈరోజుతో వాలై చేపల వేట సీజను మొదలైంది, రేవంతా సంబరంగా ఉంది. నాకు మాత్రం గుబులు. ఎండలు ముదిరి పైనీళ్ళు వేడెక్కాయంటే అడుగునీళ్ళతో కలవవు. ఇక అడుగుకి గాలి అందదు. వసంతంలో గుండెలనిండా పీల్చుకున్నదే అక్టోబరు దాకా సరిపెట్టుకోవాలి. మంచు ఎంత ముందు పోతే అన్ని రోజులు ఎక్కువ బిగబట్టాల్సి రావచ్చు.

మే 26

మా ఆక్సిజన్ మీటరు సరిగా చూపిస్తోందో లేదో తెలుసుకోడానికి వంటింటి బల్ల మీద వింక్లర్ పద్ధతిలో ఆక్సిజన్ కొలిచాం, నేనూ పాపా. 1888 నాటి పద్ధతి. అడుగునుంచి తెచ్చిన నీళ్ళ సీసాలో మందులు రెండు వెయ్యగానే గోధుమరంగు మడ్డి మబ్బులా దిగింది. యాసిడ్ చుక్కలకి ఆ మడ్డి కరిగి నీళ్ళు తేనెరంగు తిరిగాయి. గంజి కలిపితే నల్లటి నీలం. ఆపైన థయోసల్ఫేటు చుక్క చుక్కగా వదులుతూ ఉంటే ఒక్క చుక్క దగ్గర రంగు ఠక్కున మాయమైంది. "నాన్నా, ఇంకోసారి!" అంది పాప. పదికి కాస్త పైన, లీటరుకు అన్ని మిల్లీగ్రాములు. మీటరు కూడా అదే చెప్పింది.

జూన్ 22

పొరలు విడిపోయాయి. పైన 21 డిగ్రీలు. అయిదో మీటరు దాటాక ఒక్కో మీటరుకీ రెండు మూడు డిగ్రీలు జారిపోతోంది. అదే థర్మోక్లైన్. లోతుకి ఈదేవాళ్ళకి చెప్పక్కర్లేదు, కాళ్ళకే తెలుస్తుంది. ఎనిమిదో మీటరు దగ్గర 11 డిగ్రీలు, ఆక్సిజన్ ఏడు. చల్లనీళ్ళ చేప టల్లిబీకి ఇంతకన్నా ఏం కావాలి!

సరస్సుల ఊపిరి లెక్కలు తొలిరోజుల్లో శ్రద్ధగా రాసినవాళ్ళలో ఇద్దరు పక్క రాష్ట్రం విస్కాన్సిన్ వాళ్ళే, బర్జ్, జూడే. 1911లో వాళ్ళు వేసిన పుస్తకంలో గీతలకీ నా నోటుబుక్కులో గీతకీ ఆకారం ఒకటే.

జులై 7

నాన్న ఫోను. ఆకివీడు దగ్గర మా చేపల చెరువు ఇంకా ఆయనే చూసుకుంటున్నారు.

"ఏరా, తెల్లారుజామున కొలుస్తున్నావా? అప్పుడే కదా ఆక్సిజన్ పడిపోయేది?"

నిజమే, మా చెరువులో శీలావతి, బొచ్చె తేలేది ఆ వేళకే. కానీ ఇక్కడి అడుగుపొరకి తెల్లవారడం, పొద్దుగూకడం లేవని చెప్పాను. నెలల తరబడి తరుగుతూ పోవడమే.

"ఏరియేటర్లు వేసెయ్యొచ్చుగా."

"వేస్తే పైన వేడినీళ్ళు కిందకి దిగుతాయి నాన్నా. ఊపిరి వస్తుంది, చల్లదనం పోతుంది. టల్లిబీకి రెండూ కావాలి."

వాషింగ్టన్ రాష్ట్రంలో నార్త్ ట్విన్ సరస్సులో ట్రౌట్ కోసం పైపొర కదలకుండా అడుగుకే ఆక్సిజన్ పంపారు. ట్యాంకులు, గొట్టాలు, ఏటా ఖర్చు. మాలాంటి చిన్న సరస్సుకి ఎవరు పెడతారు?

"మరేం చేస్తార్రా?" అన్నారు. అప్పటికి నా దగ్గర జవాబు లేదు.

జులై 20

పైన 26. ఆరో మీటరు దగ్గర 18. తొమ్మిదో మీటరుకి ఆక్సిజన్ మూడుకి పడిపోయింది. పైకొస్తే ఉడుకు, దిగితే ఊపిరి అందదు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది టల్లిబీ బతుకు.

2006 ఎండలకి మిన్నెసోటాలో ఎన్నో సరస్సుల్లో ఇవి చచ్చి తేలాయి. రాష్ట్ర సహజవనరుల శాఖలో పీటర్ జేకబ్‌సన్, ఆయన తోటివాళ్ళు ఆ సరస్సులన్నీ కొలిచారు. ఇప్పుడు వాడే కొలబద్ద సులువైనది: ఆక్సిజన్ మూడు మిల్లీగ్రాములకి దిగిన చోట నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయి? నడివేసవిలో 11 డిగ్రీలు మించకపోతే ఆ సరస్సు గట్టి ఆశ్రయం. 17 దాటితే ఆశ వదులుకోవాలి.

జులై 28

ఒడ్డున ఒక టల్లిబీ. ఒక్కటే. చేతిలోకి తీసుకున్నాను. ఒళ్ళంతా వెండి, వీపు మీద నీలం నీడ, కింది దవడ కాస్త ముందుకి. బొటనవేలితో రాస్తే పొలుసులు ఊడి వేలికి అంటుకున్నాయి. గోదావరివాడిని కదా, పులస గుర్తొచ్చింది. ఇక్కడివాళ్ళు దీన్ని లేక్ హెరింగ్ అని కూడా అంటారు. నిజానికి హెరింగ్ చుట్టం పులసే. ఇది సాల్మన్ చుట్టం. తోకకి ముందు వీపు మీద ఆ మెత్తటి చిన్న రెక్కే గుర్తు. వాలై, పైక్, మస్కీ బాగా ఒళ్ళు చేసేది దీని కొవ్వు తినే. వేటగాళ్ళ ఫొటోల్లో మాత్రం ఇది కనపడదు.

ఆగస్టు 10

ఏడో మీటరు: 17 డిగ్రీలు, ఆక్సిజన్ నాలుగున్నర. ఎనిమిదో మీటరు: 14 డిగ్రీలు, ఒకటిన్నర. ఆ రెంటి నడుమ మీటరు మందం నీళ్ళు. సరస్సులో ఉన్న టల్లిబీలన్నీ ఇప్పుడు అందులోనే ఉండాలి. జేకబ్‌సన్ కొలబద్ద మీద పదిహేనున్నర దగ్గర ఉన్నాం.

అడుగునీళ్ళు మళ్ళీ సీసాలో పట్టాం. పాప గోధుమరంగు మబ్బు కోసం కళ్ళార్పకుండా చూసింది. రాలేదు. పాలు విరిగినట్టు తెల్లటి మడ్డి దిగింది. ఆక్సిజన్ లేకపోతే రంగు తెలుపే. "పాడైపోయిందా నాన్నా?" అంది. మందు పాడవలేదమ్మా అన్నాను.

ఆగస్టు 18

పడవలో ఒడ్డు చుట్టూ తిరిగాం. ఉత్తరపు ఒడ్డు ఇంకా అడవే. దక్షిణాన కొత్త ఇళ్ళు, నీళ్ళ అంచుదాకా నున్నగా కోసిన పచ్చిక. వాన పడితే అక్కడి మట్టి, ఆకు, ఎరువు నేరుగా సరస్సులోకే. వాటితో ఫాస్ఫరస్ వస్తుంది, ఫాస్ఫరస్‌తో నాచు పెరుగుతుంది, అది చచ్చి అడుగున కుళ్ళుతూ ఉన్న కాస్త ఆక్సిజన్నీ తాగేస్తుంది. పచ్చికకి ఫాస్ఫరస్ ఎరువు వాడకాన్ని ఈ రాష్ట్రం 2005 నుంచే అంతటా కట్టడి చేసింది. మంచి పని, కానీ చాలదు. సరస్సులోకి నీరు పారే నేలలో నాలుగోవంతుకి మించి అడవి చెరిగిపోతే ఫాస్ఫరస్ పెరుగుతుందని ఇక్కడి శాస్త్రవేత్తలు తేల్చారు. అందుకే నాలుగింట మూడువంతుల అడవినైనా నిలబెట్టాలని పట్టుబడుతున్నారు.

ఎండని మా ఊరివాళ్ళం తగ్గించలేం. కానీ ఈ ఒడ్డు మా చేతిలో ఉంది. నాన్నకి ఫోను చేసి అదే చెప్పాను.

అక్టోబరు 12

గాలికి సరస్సు తిరగబడింది. పైనా కిందా ఒకటే, 12 డిగ్రీలు. అడుగున మళ్ళీ గోధుమరంగు మబ్బు. పాప చప్పట్లు కొట్టింది. టల్లిబీలు నవంబరులో, గడ్డ కట్టే ముందు, గుడ్లు పెడతాయి. ఎన్ని మిగిలాయో వలలు వేస్తే తేలుతుంది.

అమెరికాలో సరస్సు ఒడ్డున ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళకి ఒక మాట. నీళ్ళ అంచున పది మీటర్ల మేర గడ్డి కోయకండి, తుప్పలు కొట్టకండి, ఉన్న చెట్టుని ఉండనివ్వండి. మా ఒడ్డున మేం ఈ వారమే మొదలుపెట్టాం.