మా ఇంటి కెమెరా పురాణం

నలుగురు మగవాళ్ళు చేరితే రాజకీయాలు మాట్లాడతారంటారు. మా ఇంట్లో ముగ్గురు చేరితే చాలు, కెమెరాలు! ప్రొద్దుటూరులో మావారికి 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35 అంటే ప్రాణం. జమ్మలమడుగు చిన్నాయన జన్మలో లైకా ముట్టుకున్నవాడు కాదు గానీ, 1954 నాటి ఎం3 తర్వాత ఇంకో కెమెరా పుట్టలేదంటాడు. పులివెందుల మరిదికి ఇవన్నీ పాతసామాన్లు. ఎస్.ఎల్.ఆర్.లో లెన్సు చూసిందే మన కంటికీ కనిపిస్తుంది, అదీ కెమెరా అంటాడు. మధ్యలో కాఫీలు మోసేది నేను.

వినీ వినీ నాకూ కాస్త ఒంటబట్టింది లెండి. మావారి కెమెరాలో నడుమ చిన్న పసుపుపచ్చ మచ్చ ఉంటుంది. దాంట్లో మనిషి ఇద్దరుగా కనిపిస్తుంది. రింగు తిప్పి ఆ ఇద్దర్నీ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. అందుకే లెన్సుకు మూతున్నా లోకమంతా చక్కగా కనబడుతుంది! (ఓ పెళ్ళిలో సగం తలంబ్రాలు అలాగే మూత వెనక్కి పోయాయి. ఎవరి పెళ్ళో చెప్పను.)

అయితే దాంట్లో లేచిపడే అద్దం లేదు. చప్పుడు గోరు గీటినంత. మా జేజి దగ్గర ఆ గుణమే పనికొచ్చింది. కెమెరా అంటేనే ఆమెకు హడలు. స్టూడియోలో కూర్చోబెడితే దేవుడి విగ్రహంలా బిగుసుకుపోయేది. 1986లో అందరం గండికోట పోయాం. మాధవరాయస్వామి గుడి దగ్గర మూట విప్పి సజ్జరొట్టెలు తుంచి పెడుతోంది. మరిది కెమెరా టపామనగానే కొంగు ముఖానికి అడ్డం! మావారు ఎప్పుడు తీశారో ఆమెకూ తెలీదు, మాకూ తెలీదు. రీలు కడిగించాక చూస్తే జేజి నోరంతా తెరిచి నవ్వుతోంది.

ఆమె పోయినప్పుడు ఇంటిల్లిపాదీ వెతికితే నవ్వుతున్న ఫోటో అదొక్కటే. ఫ్రేము కట్టే అతను, "ముఖం వరకే కోసి పెద్దది చేస్తానమ్మా, ఈ చెయ్యీ రొట్టే ఎందుకు?" అన్నాడు. ససేమిరా వద్దన్నాను.

ఆ యాషికాకు సరిపడే పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావు. ఏదో ఒకటి దూర్చి నడిపిస్తున్నారు మావారు. వాదన మాత్రం ఆ పటం కిందే సాగుతుంటుంది. "లైకా అయింటే రొట్టె మీద నువ్వులు లెక్కబెట్టొచ్చు," అంటాడు చిన్నాయన. "ముఖం మీద యాడుంది వదినా ఫోకస్? చేతి మీదుండాది సూడు," అంటాడు మరిది.

నిజమే, చెయ్యే స్పష్టంగా ఉంది. రొట్టె అందుకుంటున్న రెండో చెయ్యి, అంచున కాస్త మసకగా కనిపించేది, నాది.