బండి ఆగితే... అందరూ బంధువులే!

రోడ్డు పక్కన కారు ఆపి బానెట్ పైకెత్తండి చాలు. అయిదు నిమిషాలు తిరక్కుండానే మీ చుట్టూ నలుగురు చేరతారు. బైకు మీద పోతున్న కుర్రాడు ఆగుతాడు. టీ కొట్టు దగ్గరి పెద్దాయన చేతిలో గ్లాసుతోనే వచ్చేస్తాడు. ‘బ్యాటరీ అయ్యుంటుంది’ అని ఒకరు. ‘కాదన్నా, ఫ్యూయల్ పంపు’ అని ఇంకొకరు. అసలేమైందో చెప్పే అవకాశం మీకొస్తే ఒట్టు!

జ్వరానికీ, కారుకీ సలహా చెప్పనివాళ్లు మన దగ్గర అరుదు. జ్వరానికైతే చుట్టాలో, ఇరుగుపొరుగువాళ్లో చెబుతారు. కారుకి మాత్రం ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా చెబుతారు. సిగ్నల్ దగ్గర అద్దం మీద కొట్టి మరీ ‘చున్నీ డోర్లో పడింది చూసుకోండి’ అంటారు. పెట్రోలు బంకులో వెనక నిలబడినాయన ‘ఎడమవైపు టైర్లో గాలి తగ్గింది’ అంటాడు. మా ఇంట్లో కారు నడిపేది నేను. అయినా సగం మంది నాకు కాకుండా పక్క సీట్లో కూర్చున్న మా ఆయనకి చెబుతారు. ఆయనకి స్టెప్నీ ఎక్కడుంటుందో కూడా తెలియదు. అయినా అన్నీ తెలిసినట్టు బుద్ధిగా తలూపుతారు. అది వేరే సంగతి!

ఎందుకు చెబుతారు వీళ్లంతా? పైసా రాదు. పేరూ రాదు. మళ్లీ కలిసేదీ లేదు. ఒక్కోసారి ‘మీ పని మీరు చూసుకోండి’ అనిపించుకోవాల్సి వస్తుంది కూడా. తమకు తెలిసింది ప్రదర్శించుకోవాలన్న సరదా కొందరికి ఉండొచ్చు. కానీ మండుటెండలో, ఆఫీసుకు ఆలస్యమవుతున్నా బండి ఆపి చెప్పేవాడికి ఆ సరదా ఒక్కటే సరిపోతుందా? సరిపోదని నాకు 2022లో తెలిసింది.

అప్పుడు మేం సెకండ్ హ్యాండ్ కారు కోసం వెతుకుతున్నాం. హైదరాబాద్ శివార్లలో ఓ యార్డులో తెల్లటి చిన్న కారు నచ్చింది. తళతళలాడుతోంది. ధర కూడా అందుబాటులోనే ఉంది. అడ్వాన్సు ఇద్దామని డబ్బు కోసం బయటికొచ్చి ఏటీఎం ఎక్కడుందో అడుగుతుంటే, పక్కన టీ తాగుతున్నాయన ‘అమ్మా, ఏమీ అనుకోకపోతే ఓ మాట. సీటు బెల్టు చివరిదాకా లాగి చూశారా?’ అన్నారు. సీటు బెల్టుకీ బేరానికీ సంబంధమేమిటో అర్థం కాలేదు. ఆయనే చెప్పారు... నీళ్లలో మునిగిన కారుని అమ్మేవాళ్లు సీట్లు ఉతికిస్తారు, కింద కార్పెట్ మారుస్తారు, సెంటు కొడతారు. లోపల చుట్టుకుని ఉండే బెల్టు చివర మాత్రం మర్చిపోతారు.

వెనక్కి వెళ్లి లాగి చూశాను. సగం దాకా బెల్టు శుభ్రంగా ఉంది. ఆ తర్వాత ఎండిన బురద గీత!

ఆయన కథ ఆ తర్వాత విన్నాం. 2020 అక్టోబరు వానలకి హైదరాబాద్‌లో వేలకొద్దీ ఇళ్లు నీటమునిగాయి. సెల్లార్లలో ఉన్న కార్లూ మునిగాయి. అలాంటి కారొకటి ఈయనకు అంటగట్టారు. మొదట ఏసీ పోయింది. తర్వాత లైట్లు. ఆ తర్వాత వైర్లలో పట్టిన తుప్పు ఒక్కోటీ బయటపడటం మొదలైంది. ‘నా డబ్బులు ఎలాగూ పోయాయమ్మా. మీవన్నా ఉండనివ్వండి’ అన్నారు. టీ డబ్బులు ఇస్తామన్నా ఒప్పుకోకుండా బండెక్కి వెళ్లిపోయారు. ఆయన పేరు కూడా మాకు తెలియదు.

పాత కార్ల బేరం గురించి జార్జ్ ఎకర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో ఓ పరిశోధన వ్యాసం రాశారు. అక్కడ లోపాలున్న కారుని ‘నిమ్మకాయ’ అంటారు. మనమేమో కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి గానీ రోడ్డెక్కం! ఆయన చెప్పింది ఇదీ... కారులో లోపం ఏమిటో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. ఏది మంచిదో తెలియక కొనేవాడు దేనికైనా మధ్యస్థంగా ఓ ధర ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు. చివరికి బజారులో నిమ్మకాయలే మిగులుతాయి. తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య ఉండే ఇలాంటి తేడాలపై చేసిన కృషికి ఎకర్లాఫ్ 2001లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు.

ఆ తేడాని టీ కొట్టు దగ్గరి మనిషి ఒక్క మాటతో చెరిపేశారు. అమ్మేవాడికి అమ్ముకోవాలన్న తొందర ఉంటుంది. మెకానిక్‌కి తన బిల్లు ఉంటుంది. దారినపోయే మనిషికి మన కారుతో ఏ లెక్కా లేదు. అందుకే ఆ మాటకి అంత బలం.

విజయవాడలో ఉండే మా చిన్నత్తది మరో అనుభవం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్‌లో వాళ్ల వీధి మొత్తం మునిగింది. కింద పెట్టిన కారు కూడా. నీళ్లు తీశాక ఆమె చేసిన మొదటి పని, కారు బతికుందో లేదో చూద్దామని తాళం తీసుకుని దిగడం. ఎదురింట్లో బురద ఎత్తిపోసుకుంటున్న కుర్రాడు పార అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చాడు. ‘పిన్నిగారూ, తాళం తిప్పకండి. ముందు బ్యాటరీ వైరు తీయించండి’ అని అరుస్తూ. వాళ్లు ఆ వీధిలోకి వచ్చి నెల కూడా కాలేదు. అప్పటిదాకా ఇద్దరూ పలకరించుకున్నది లేదు.

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఇంజిన్ సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కగలదు. నీటిని నొక్కలేదు. నీళ్లు చేరిన ఇంజిన్‌ని తిప్పితే లోపలి కడ్డీలు వంగిపోతాయి. అలా పాడైతే సాధారణ బీమా చాలాసార్లు డబ్బివ్వదు. ఇంజిన్ రక్షణకు విడిగా ప్రీమియం కట్టి ఉండాలి. అత్త కారుని తోయించి షెడ్డుకి పంపింది. ఖర్చయింది కానీ ఇంజిన్ మిగిలింది. తన ఇల్లంతా బురదలో ఉన్న కుర్రాడికి ఎదురింటి కారు గురించి ఏం పట్టింది? అత్త అడిగిందట. ‘మా నాన్న తిప్పేశారండీ, పొద్దున్నే’ అన్నాడట.

అలాగని చెప్పేవాళ్లందరి మాటా వినేయాలా? అక్కర్లేదు. ఉచిత సలహాల్లో ప్రాణం తీసేవీ ఉన్నాయి. వేసవి రాగానే వినిపించేది ఒకటుంది... ‘ఎండలకి టైర్లో గాలి పెరుగుతుంది, పేలిపోతుంది, కాస్త తగ్గించి కొట్టించుకోండి’ అని. వినడానికి నిజమే అనిపిస్తుంది. జరిగేది మాత్రం దానికి విరుద్ధం. గాలి తగ్గితే టైరు పక్కభాగం ఎక్కువగా నలుగుతుంది. నలిగిన కొద్దీ వేడెక్కుతుంది. పేలడానికి అదే దారి. ఎంత గాలి ఉండాలో డ్రైవరు డోర్ దగ్గర అతికించిన కాగితం మీద కంపెనీయే రాస్తుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు అంతే కొట్టించాలి.

మరి ఎవర్ని నమ్మాలి? నేను పెట్టుకున్న గుర్తు ఒకటుంది. ‘కార్లన్నీ ఇంతే’ అనేవాళ్ల మాట ఓ చెవితో వింటాను. ‘నాకిలా జరిగింది’ అనేవాళ్ల దగ్గర ఆగుతాను. తెలియనిది తెలియదని చెప్పేవాళ్లయితే ఇంకాస్త సేపు ఆగుతాను. ఈ రెండో రకానికి మా ఇంట్లోనే ఓ పెద్దమనిషి ఉన్నాడు. మా పెదనాన్న.

పెదనాన్నకి 78 ఏళ్లు. తెనాలిలో ముప్ఫై ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. ఎండాకాలంలో పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగిపోతే తడిగుడ్డ చుట్టి బతికించడం, కార్బురేటర్ విప్పి నోటితో ఊది బిగించడం... ఆయన విద్యలన్నీ అవే. ఇప్పుడు ఆ విద్యలతో పనిలేదు. 2014లో అంబాసిడర్ తయారీయే ఆగిపోయింది. బానెట్ ఎత్తితే పైన ప్లాస్టిక్ మూత, లోపల సెన్సర్లు. హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు పక్క ఫ్లాటు వాళ్ల ఎలక్ట్రిక్ కారుని చూసి ‘ఇందులో నాకు ఓనమాలు కూడా రావు బాబూ’ అన్నాడు. వెంటనే, ‘టైర్లు మాత్రం ఓసారి చూడనీ’ అన్నాడు.

టైర్లంటే ఆయనకి అంత పట్టింపు. రోజూ సాయంత్రం టార్చిలైటు పట్టుకుని సెల్లార్లోకి దిగుతాడు. టైరు పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాడుల మధ్య చిన్న దిమ్మెలు ఉంటాయి. టైరు అరిగి వాటికి సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. ఇక మార్చేయాల్సిందే. పెదనాన్న అంకెలు చదువుతాడు, గాడిలో వేలు పెట్టి చూస్తాడు, కారు యజమాని కనిపిస్తే చెప్పేస్తాడు.

మూడో అంతస్తులో ఉండే ఆయనకి ఇది నచ్చలేదు. ‘మీ పెద్దాయన రాత్రిళ్లు మా కారు చుట్టూ తిరుగుతున్నారు’ అని ఇంటికొచ్చి చెప్పి వెళ్లారు. ఆ రాత్రి అన్నం తినేటప్పుడు అడిగాను. ‘అంతమంది బండ్లు నీకెందుకు పెదనాన్నా?’ అని.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. టాక్సీ స్టాండులో ఆయన పక్కనే బండి పెట్టుకునే స్నేహితుడు ఉండేవాడట. 1994 మే నెలలో ఓ తెల్లవారుజామున పెళ్లివాళ్లని ఎక్కించుకుని తిరుపతి బయల్దేరాడు. ముందు టైరు గుండులా నున్నగా ఉంది. పెదనాన్న చూశాడు. చెబుదామనుకున్నాడు. పెళ్లివాళ్ల ముందు అంటే బేరం చెడగొట్టినట్టవుతుందని, ఆ మాత్రం అతనికి తెలియదా, మనకెందుకులే అని ఊరుకున్నాడు. కావలి దాటాక ఆ టైరే పేలింది. బండిలో ఉన్నవాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. స్నేహితుడు తిరిగి రాలేదు.

‘రెండు ముక్కలు అమ్మాయ్. చెబితే తిట్టేవాడేమో. తిట్టించుకుంటే పోయేది’ అన్నాడు పెదనాన్న.

టీ కొట్టు దగ్గరి మనిషికి డబ్బు పోయింది. సింగ్ నగర్ కుర్రాడి ఇంట్లో ఇంజిన్ పోయింది. పెదనాన్నకి స్నేహితుడు పోయాడు. పోయినవి ఎవరికీ తిరిగి రావు. అదే నష్టం ఇంకొకరికి జరగకుండా ఆపితే, ఆ పోయినదానికి ఓ ప్రయోజనం ఉన్నట్టు. ఎదుటివాడు తెలిసినవాడా, కాదా అన్నది అక్కడ అడ్డు రాదు. అడక్కుండా చెప్పే ప్రతి మాట వెనకా ఇంత కథ ఉంటుందని కాదు. ఉన్నా పైకి తెలియదు. అందుకే ఇప్పుడు సిగ్నల్ దగ్గర ఎవరైనా అద్దం మీద తడితే, విసుగొచ్చినా సరే, దించి వింటున్నాను.

పెదనాన్న పోయిన నెల తెనాలి వెళ్లిపోయాడు. మూడో అంతస్తు ఆయన టైర్లు ఇంకా మార్చలేదు. ఆటో ఎక్కుతూ నాకు అప్పజెప్పి మరీ వెళ్లాడు. ‘ఎర్ర కారు అమ్మాయ్... 2316. కోప్పడతాడులే, అయినా ఎండలు ముదరకముందే ఇంకోసారి చెప్పు.’