ఫైలు చూసే మనిషికీ ఒక పరీక్ష ఉండాలి



మన మూడు జిల్లాల్లోనూ సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. మానుకోటలో (మహబూబాబాద్‌లో) 2022 నవంబరులో, జనగామలోనూ భూపాలపల్లిలోనూ 2023 సెప్టెంబరులో క్లాసులు మొదలయ్యాయి. కాలేజీ వచ్చిందంటే పాఠాలు, వార్డులతో పాటు పరిశోధన కూడా వస్తుంది. తండాలో రక్తహీనత ఎంత ఉంది, బొగ్గుబావి కార్మికుల ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి అని విద్యార్థులు, ప్రొఫెసర్లు అడగడం మొదలుపెడతారు. అడగాల్సిందే. అయితే అడిగే ముందు ఆ పద్ధతి సరైనదేనా అని చూడటానికి ఎథిక్స్ కమిటీ ఉండాలి. ఆ కమిటీ ఆఫీసు నడిపే మనిషి గురించే ఈ ఉత్తరం.

ముందు పక్క జిల్లాలో జరిగింది గుర్తుచేసుకుందాం. 2009లో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది, పద్నాలుగేళ్ల మధ్య వయసున్న ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేశారు. పాథ్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేసిన కార్యక్రమం అది. వారిలో చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో గొడవ రేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ సంఘం చెప్పింది. టీకాను నేను తప్పుపట్టడం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వేయించమనే చెబుతోంది.

నన్ను కలవరపెట్టేది కాగితాల సంగతి. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో అంగీకార పత్రాల లెక్కలున్నాయి. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాల మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. తల్లీతండ్రీ ఊళ్లో కూలికి పోతుంటే, బిడ్డకు సూది వేయడానికి ఒప్పుకున్నది వార్డెన్! "పిల్లలు హాస్టల్లో ఉన్నారు కదా, మరి తల్లిదండ్రుల సంతకం ఎవరు తెస్తారు, ఎప్పుడు తెస్తారు?" అని పని మొదలవకముందే ఒక్కరు పట్టుబట్టి అడిగి ఉంటే కథ వేరేగా ఉండేది.

అలా అడగడమే ఎథిక్స్ కమిటీ పని. మన దేశంలో 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. కనీసం సగం మంది బయటివాళ్లు కావాలి, చైర్మన్ కూడా బయటివారే. ఒక న్యాయ నిపుణుడు, ఒక సామాన్య పౌరుడు, కనీసం ఒక మహిళ తప్పనిసరి. వీళ్లంతా ఎప్పుడో ఒకసారి కూర్చుని లేచిపోయేవాళ్లు. రోజూ ఉండేది మెంబర్ సెక్రటరీ, ఆయన కింద ఒక గుమాస్తా. వచ్చిన ప్రతిపాదన మొదట చదివేది వాళ్లే. తెలుగు పత్రం ఉందా, అందులోని తెలుగు మనిషికి అర్థమయ్యేదేనా, లంబాడీ మాత్రమే వచ్చిన ముసలమ్మకు నోటితో ఎవరు చెబుతారు, సాక్షి ఎవరు అని చూడాలి. పరిశోధన చేసే డాక్టరే కమిటీ సభ్యుడైతే ఆ చర్చ జరుగుతున్నంతసేపూ ఆయన్ని బయట కూర్చోబెట్టాలి. మినిట్స్ రాయాలి, ఫైళ్లు ఏళ్ల తరబడి భద్రపరచాలి.

రక్తహీనత సర్వేనే తీసుకోండి. వేలు గుచ్చి చుక్క రక్తం తీయడమే కదా అనిపిస్తుంది. ఒకామెకు హిమోగ్లోబిన్ ఆరే ఉందని తేలితే ఆమెకు ఆ మాట చెప్పేదెవరు, ఆస్పత్రికి పంపేదెవరు? ముప్పై గడపల తండాలో పేరు రాయకపోయినా వయసు, పిల్లల సంఖ్య రాస్తే ఆమె ఎవరో ఊరందరికీ తెలిసిపోదా? బొగ్గుబావిలో పనిచేసే మనిషి ఎక్స్‌రే మేనేజ్‌మెంటు చేతికి వెళితే ఉద్యోగం ఏమవుతుంది? జనగామ ఓపీలో వరుసలో నిలబడ్డ మనిషి, సంతకం పెట్టకపోతే మందులివ్వరేమో అనుకోడా? ఇవన్నీ తోచాలంటే అనుభవం కావాలి, నేర్పేవాళ్లు కావాలి.

అమెరికాలో ఈ ఆఫీసు పనిని ఒక వృత్తిగా గుర్తించారు. టస్కీగీలో నల్లజాతి రోగులకు నలభై ఏళ్లు వైద్యం అందకుండా చేసి గమనించిన అన్యాయం 1972లో బయటపడింది. పరిశోధనల్లో పాల్గొనేవాళ్ల రక్షణకు 1974లో చట్టం వచ్చింది. అదే ఏడాది పుట్టిన పబ్లిక్ రెస్పాన్సిబిలిటీ ఇన్ మెడిసిన్ అండ్ రీసెర్చ్ అనే సంస్థ, ఎథిక్స్ బోర్డుల నిర్వాహకుల కోసం తర్వాత సి.ఐ.పి. అనే పరీక్ష పెట్టింది. పాసైనవాళ్లు కూడా మళ్లీ మళ్లీ అర్హత నిరూపించుకోవాలి. మన దగ్గర ఆస్పత్రుల నాణ్యతను చూసే ఎన్.ఏ.బి.హెచ్. సంస్థ ఇచ్చే గుర్తింపు ఉంది, కానీ అది కమిటీకి ఇచ్చేది, మనిషికి కాదు. అమెరికా పరీక్ష అక్కడి చట్టాల మీద నడుస్తుంది కాబట్టి మనకు అచ్చంగా సరిపోదు. మనకు కావలసింది ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు, 2019 నిబంధనలు, తెలుగు అంగీకార పత్రం, తండా, హాస్టల్ అన్నీ కలిసిన పరీక్ష. వరంగల్‌లో కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉంది. అది పూనుకుంటే ఇది జరిగే పనే. ఈ పనిని పాఠాలూ వార్డులూ అయ్యాక మిగిలిన గంటలో చేసే అదనపు డ్యూటీగా చూసినంత కాలం కమిటీ పేరుకే ఉంటుంది.

మీలో రిటైరైన పంతుళ్లు, వకీళ్లు, మహిళా సంఘాల్లో పనిచేసినవాళ్లు చాలామంది ఉన్నారు. కమిటీకి బయటి సభ్యులు కావాలి. మీ ఊరి కాలేజీకి వెళ్లి "మా అవసరం ఉందా?" అని అడగండి. ఎవరైనా మీ ఇంటికొచ్చి పరిశోధన పేరుతో సంతకం అడిగితే తెలుగు కాగితం ఇమ్మనండి, మెంబర్ సెక్రటరీ ఫోన్ నంబరు రాసిమ్మనండి, ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. వద్దనుకుంటే వద్దని చెప్పండి. ఆ కారణంగా మీకు వైద్యం ఆపే హక్కు ఎవరికీ లేదు.

మీ
సంపాదకుడు