డెబ్భై మూడా, తొంభై మూడా?

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు ఇంటి అడ్వాన్సు పంపుతున్నాడు. బ్యాంకు సైటు ఓనరు పేరు చూపిస్తే చదవకుండానే ‘కన్ఫర్మ్’ నొక్కేశాడు. "పేరు చూశావా?" అన్నాను. "నంబరు కరెక్టే కదన్నా" అన్నాడు. నాకు 2019 గుర్తొచ్చింది.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు. ఆ ఏడాది నాన్న రెండెకరాల్లో మిర్చి వేశాడు. మా వైపు కాయ కొయ్యడానికి కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని నుంచి కుటుంబాలకి కుటుంబాలే వచ్చి చేల పక్కన గుడిసెలు వేసుకుని ఉంటారు. ఫిబ్రవరిలో ఒక కోత అయ్యాక మేస్త్రి ఊరెళ్తూ, "సొమ్ము అకౌంట్లో వేయించండయ్యా, చేతిలో ఉంటే బస్సులో భయం" అన్నాడట. 38,000. ఆయనొక్కడిదే కాదు, ముఠా అందరి కూలీ. నాన్న ఫోన్లో నంబరు చదివాడు, నేను హైదరాబాదులో ఆఫీసు క్యాంటీన్లో నిలబడి కాగితమ్మీద రాసుకున్నాను. చివర్లో ఆయన అన్నది తొంభై మూడు. నేను విన్నది డెబ్భై మూడు.

సైటు నంబరు రెండుసార్లు కొట్టమంది. రెండోసారి కాపీ-పేస్టు కూడా చెయ్యనివ్వలేదు, ఎంత జాగ్రత్తో! కాగితమ్మీదే తప్పుంటే పదిసార్లు కొట్టినా అదే తప్పు. పేరు గడిలో మాత్రం మేస్త్రి పేరు ఇంటిపేరుతో సహా శుభ్రంగా రాశాను.

ఆ పేరు ఎవరూ చూడక్కర్లేదని తర్వాత తెలిసింది. 2010 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం నంబరొక్కటే చూసి జమ చెయ్యొచ్చు, వివరాలు సరిగ్గా ఇవ్వాల్సిన బాధ్యత పంపేవాడిదే. మన భాషలో చెప్పాలంటే డిక్లేర్ చేసి ఎక్కడా వాడని వేరియబుల్ అన్నమాట. కోడ్ రివ్యూలో ఇలాంటిది కనిపిస్తే ఎన్ని కామెంట్లు పెడతాం! ఆధార్లో గానీ క్రెడిట్ కార్డులో గానీ చివరంకె మిగతా అంకెల్ని లెక్కగట్టి వచ్చేదే. ఒక్క అంకె మారితే చెల్లదు. అన్ని బ్యాంకుల అకౌంటు నంబర్లకీ వర్తించే అలాంటి లెక్క మనకి లేదు. డెబ్భై మూడూ ఉంది, తొంభై మూడూ ఉంది, ఇద్దరిదీ ఒకటే బ్రాంచి.

మూడో రోజు మేస్త్రి ఫోను. "పడలేదయ్యా." నా దగ్గర సక్సెస్ మెసేజి ఉందిగా, పడిందనే వాదించాను. నాన్న నా మాట నమ్మి మేస్త్రిని గట్టిగానే అన్నాడు. రాత్రి నేనూ నాన్నా మళ్ళీ అంకెలు చదువుకునేదాకా మా ఇంట్లో దొంగ అతనే. డబ్బు సంగతి ఎలా ఉన్నా, ఈ ముక్క దగ్గర ఇప్పటికీ తల దించుకుంటాను.

నాన్న గుంటూరు యార్డులో కమీషన్ దుకాణం దగ్గర చేబదులు తెచ్చి కూలీ కట్టాడు. పోయిన డబ్బు కోసం నేను బ్యాంకు చుట్టూ తిరిగాను. పడ్డ ఖాతాదారు ఒప్పుకుంటే తప్ప వెనక్కి తియ్యలేమన్నారు. అతనూ రైతే. రుణమాఫీ వాయిదా పడిందనుకున్నాడట. తప్పు పట్టలేం, పీఎం కిసాన్ మొదటి 2,000 పడిందీ ఆ నెల్లోనే. అప్పటికే సగం ఎరువుల కొట్టుకి కట్టేశాడు. మూడు దఫాలుగా, ఉగాది దాటాక, మొత్తం ఇచ్చాడు.

బుద్ధి నాకే తక్కువ అనుకుందామంటే, 2022 ఏప్రిల్లో హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగే కాపీ-పేస్టులో పొరబడి దళితబంధు సొమ్ము పదిహేను మంది ఆసుపత్రి ఉద్యోగులకి తలా 10 లక్షలు వేసేశాడు. పధ్నాలుగు మంది తిరిగిచ్చారు. ఒకతను ప్రభుత్వ పథకమే అనుకుని అప్పులు తీర్చేసుకున్నాడు!

చివరికి 2024 డిసెంబరు 30న రిజర్వు బ్యాంకు చెప్పింది, 2025 ఏప్రిల్ 1 కల్లా నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో పంపే ముందే ఖాతాదారు పేరు చూపించాలని, అదీ ఉచితంగా. సంతోషం. కానీ ఆ పేరు చదవాలిగా. పైగా మన పేర్లు! నాగేశ్వర్రావుని ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు, ఇంటిపేరు ముందో వెనకో. కొందరు మేస్త్రీలు భార్య అకౌంటు ఇస్తారు. అందుకని నేను ఇప్పటికీ ముందు ఒక్క రూపాయి పంపి, ఫోన్ చేసి అడుగుతాను.

నిరుడు కోతలప్పుడు ఆ మేస్త్రికే పంపాను. నేను చేసేలోపే ఆయనే చేశాడు. "రూపాయి పడింది బాబూ. తొంభై మూడే. ఇంక మిగతాది వెయ్యి."