కుదురులేని బిడ్డ

కొల్లేటి లంకగ్రామమొకదానిలో నేను ముప్పది యేండ్లు బడిపంతులుగా నుంటిని. ఆదివారమున సండేస్కూలును నేనే నడిపితిని. కుదురులేని పిల్లవానిని బెత్తముతో కుదుర్పవచ్చునని నమ్మినవాడను. ఆ బెత్తపు దెబ్బలు అందరికంటె ఎక్కువ తినినవాడు నా కుమారుడే. పలకలు పోగొట్టెడివాడు, లెక్క సగములో విడిచి, కిటికీలోనుండి గూడబాతులను చూచెడివాడు.

క్రిందటి యేడు వాని కొడుకును గూర్చి తాడేపల్లిగూడెములోని బడినుండి ఫిర్యాదు వచ్చెను. బిడ్డ బల్లమీద నిలువడట. ప్రశ్న ముగియకమునుపే జవాబు చెప్పునట. మా సంఘములో ఒకరు దయ్యమనిరి. నా బెత్తముకంటె ఆ మాట మేలైనదేమియు కాదు.

ఏలూరులో ఒక వైద్యురాలికి చూపించితిమి. ఇంటను బడిలోను ఇట్లేనా, ఆరు నెలలుగా నున్నదా, పండ్రెండేండ్లలోపే మొదలైనదా అని ఆమె ఓపికగా అడిగెను. దీనిని ఏ.డి.హెచ్.డి. అందురనియు, ఇది పెంపకపు దోషము కాక మెదడు ఎదుగుదలలోని భేదమనియు, తరచు వంశములో వచ్చుననియు చెప్పెను. లండనులో జార్జి స్టిల్ అను వైద్యుడు 1902లోనే ఇట్టి పిల్లలను వర్ణించెను. పిమ్మట ఆమె నా కుమారునివైపు తిరిగి, “చిన్నప్పుడు మీరెలా ఉండేవారండీ?” అనెను. వాడు నన్ను చూచెను. నేను తల వంచుకొంటిని.

వానికిప్పుడు నలువది యేండ్లు. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలునేమోనని చెరువుగట్టున రాత్రియంతయు కనిపెట్టియుండగలడు. మేత లెక్క వ్రాయుటకు పది నిమిషములు కూర్చుండలేడు. కరెంటు బిల్లు గడువు మరచును. “మనసుంటే చేయగలడు, ఒట్టి సోమరి” అని ఊరంతయు చాటినవాడను నేనే. శ్రద్ధ వానిలో లేకపోలేదు. కావలసినచోట దానిని నిలుపుట వాని వశములో లేదు. పెద్దవారిలో గెంతులాట తగ్గినను, లోపలి అలజడియు మరపును మిగులును.

మనుమనికి ఇప్పుడు ముందువరుసలో చోటు. ఒకసారికి ఒకే పని చెప్పుదుము. నడుమ లేచి తిరుగనిత్తుము. మిథైల్‌ఫెనిడేటు మాత్రలు కలవుగాని, వైద్యుని చీటి లేక ఎవరును వాడరాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో పరీక్షింపవలసినవాటి జాబితాలో ఇదియు కలదు. ఆ వైద్యబృందము బడికి వచ్చినపుడు సిగ్గుపడి దాచకుడి.

మొన్న సాయంకాలము చెరువుగట్టున కుమారునితో, “నాయనా, ఆ దెబ్బలు...” అని మొదలుపెట్టితిని. మాట పూర్తికాకమునుపే వాడు లేచి తూము చూడబోయెను. కొంతసేపటికి వచ్చి, “ఏదో అంటున్నారు, నాన్నగారూ?” అనెను.

మరల మొదటినుండి చెప్పితిని.