ఉంచవలసినది, మార్చవలసినది



పెద్దలు విడిచి వెళ్ళిన వస్తువు ఇంట్లో ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచాలా, మన అవసరానికి మార్చుకోవాలా? పెంకుటింటి విషయంలో ఇది వస్తుంది. పందిరిమంచం విషయంలో వస్తుంది. ఈసారి మేము ఒక కారు గురించి రాస్తున్నాము. కార్లతో వీరికేం పని అనుకోకండి. గత వేసవిలో కొల్లేటి లంకల్లోని ఒక ఇంట్లో ఒక పాత అంబాసిడర్ ఇద్దరు అన్నదమ్ముల మధ్య మాటలు లేకుండా చేసింది. ఆ ఇంటి తల్లి కబురు చేస్తే మేమిద్దరం వెళ్ళాము.

అది 1974లో రిజిస్టరైన మార్క్ 2 అంబాసిడర్. స్టీరింగు పక్కనే గేరు, ముందు ఒకే పొడవాటి సీటు, 1489 సీసీ పెట్రోలు ఇంజను. మీలో పెద్దవారికి ఈ బండిని వర్ణించనక్కరలేదు. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అని ఒక కారు ఉండేది. దాని నమూనా మీద హిందుస్థాన్ మోటార్స్ వారు కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో 1950ల చివర నుండి ఈ కారు తయారు చేశారు. 2014 మేలో ఆ తయారీ ఆగిపోయింది. అంటే ఇక కొత్త అంబాసిడర్ పుట్టదు. ఉన్నవి నిలబడాలి, లేదంటే తుక్కు కింద పోవాలి.

ఆ తండ్రి ఈ కారును సెకండ్ హ్యాండులో కొన్నారు. లంకల్లో రోడ్డు అంటే గట్టు మీది మట్టి బాట అయిన రోజులవి. వాన కాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేటిలోకి వస్తే ఆ బాటా ఉండేది కాదు. బండి ఎత్తుగా ఉండటం వల్ల చాలా దూరం నీళ్ళలో వెళ్ళగలిగేది. కాన్పు కష్టమైన ఆడవారిని, పాము కరిచినవారిని, చెరువులో పడి తేరుకోని పిల్లల్ని ఏలూరు ఆసుపత్రికి చేర్చింది ఈ కారే. మామూలు రోజుల్లో చేపపిల్లల్ని మోసేది. ఆక్సిజన్ నింపిన పాలిథీన్ సంచుల్లో చేపపిల్లలు వస్తాయని మన ప్రాంతం వారికి తెలుసు. సంచి చిరిగి నీళ్ళు కారినా డిక్కీ పాడవకుండా ఆయన లోపల జింకు రేకు వేయించి, అంచులు మడిచి, చిన్న గొట్టం పెట్టించారు.

ఆయన వెళ్ళిపోయారు. పెద్దకొడుకు తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. చిన్నకొడుకు ఊళ్ళోనే చెరువులు చూసుకుంటున్నాడు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు అన్న పశ్చిమ గోదావరి వాడయ్యాడు, తమ్ముడు ఏలూరు జిల్లా వాడయ్యాడు. కారు విషయంలో వారి దూరం అంతకంటే పెద్దది.

పెద్దవాడి మాట ఇది. “అయ్యగారూ, ఈ బండికి యాభై ఏళ్ళు నిండాయి. కంపెనీ నుండి ఎలా వచ్చిందో అలా చేయించి, వింటేజ్ నంబరు తీసుకుంటాను. నాన్న పేరు నిలబడుతుంది.” చిన్నవాడి మాట ఇంకొకటి. “అమ్మకు వారానికి రెండుసార్లు ఏలూరులో డయాలసిస్. అద్దె కారుకు డబ్బు పోస్తున్నాను. ఈ బండిలో వెనక సీటు మీద అమ్మ కాళ్ళు చాపుకొని పడుకోగలదు. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ ఇంజను దొరుకుతుంది. ఏసీ, పవర్ స్టీరింగు పెట్టించి తిప్పుకుంటాను. నాన్న ఉంటే అదే చేసేవారు.”

గమనించండి. ఇద్దరూ తండ్రి పేరే చెప్పారు. ఇద్దరి మాటలోనూ ప్రేమ ఉంది. అందుకే మేము వెంటనే తీర్పు చెప్పలేదు. తెలిసినవారిని అడిగి, నిబంధనలు చదివి, మళ్ళీ వస్తామని చెప్పి వచ్చాము.

మొదట వింటేజ్ నంబరు సంగతి. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో దీనికి నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్ళు దాటిన రెండు, నాలుగు చక్రాల సొంత బండ్లకు ఇది వర్తిస్తుంది. చాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. ఫీజు 20,000 రూపాయలు, నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అని వస్తుంది. అంతవరకు బాగానే ఉంది. అయితే ఆ నంబరున్న బండిని రోజువారీ పనులకు రోడ్డు మీద తిప్పకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, రిపేరుకు మాత్రమే తీయాలి. అంటే తండ్రి పేరు నిలబెట్టే ఆ నంబరు వేస్తే, ఆ కారు తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళకూడదు.

ఇక చిన్నవాడి మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇంజను మార్చాలంటే రవాణా అధికారి అనుమతి ముందుగా కావాలి. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ను గట్టిగానే చెప్పింది. అది కాగితం సంగతి. ఇనుము సంగతి ఇంకొకటి ఉంది. జీపుకు అడుగున విడిగా చాసిస్ ఉంటుంది. అంబాసిడర్‌కు అలా ఉండదు. దాని బాడీయే దాని చాసిస్. కొల్లేటి చెమ్మకు తలుపుల కింది గడపలు, కాళ్ళ కింది రేకు తుప్పు పట్టి ఉంటే, బరువైన డీజిల్ ఇంజను అదురుకు బండి నడుమే కదిలిపోతుంది. పైన పుట్టీ పెట్టి రంగు వేస్తే ఆ తుప్పు కనబడదు, అంతే.

అలాగని ఏమీ ముట్టుకోకుండా ఉంచవచ్చా? అదీ కుదరదు. ఆ ఇంజను సీసం కలిపిన పెట్రోలు కాలంలో తయారైంది. మన దేశంలో 2000 నుండి సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలను తినేస్తుంది. నీటి మధ్య ఉండే ఊళ్ళో ఆ బండిని ఏడాది పాటు టార్పాలిన్ కప్పి ఉంచితే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, కార్బురేటర్ మూసుకుపోతుంది. ప్రియులారా, ఇది మమ్మల్ని ఆలోచింపజేసింది. కదిలించకుండా దాచినదల్లా క్షేమంగా ఉన్నట్టు కాదు. పాతది పాతదిగా నిలవాలన్నా కొన్నిటిని మార్చక తప్పదు.

దాచడానికే పుట్టినట్టుండే కార్లు కొన్ని ఉన్నాయి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి 1912 నాటి రోల్స్ రాయిస్ ఉంది. పసుపు రంగు బండి, వెనక సింహాసనం లాంటి సీటు. దాన్ని చూడటానికే జనం వస్తారు. దానికి ఏసీ పెట్టించాలని ఎవరూ అనరు. దానికి ఎదురుగా క్యూబా దేశం కనబడుతుంది. 1960ల మొదట్లో అమెరికా వ్యాపారం ఆపేయడంతో అక్కడి అమెరికన్ కార్లకు స్పేర్ పార్టులు రాలేదు. అక్కడివారు వాటిలో రష్యా బండ్ల ఇంజన్లు, డీజిల్ ఇంజన్లు బిగించి ఇప్పటికీ టాక్సీలుగా తిప్పుతున్నారు. వారు మార్చకపోతే ఆ కార్లు ఏనాడో తుక్కయ్యేవి. నిజాం కారు దాచడం వల్ల మిగిలింది, క్యూబా కార్లు మార్చడం వల్ల మిగిలాయి. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. ఆ బండి ఏ పని మీద బతుకుతోందో దాన్ని బట్టి ఉంటుంది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఒకటి 1966 నుండి ఉంది. వారు 2012లో టురిన్ పేరుతో ఒక ప్రకటన చేసుకున్నారు. అందులో మా మనసుకు హత్తుకున్న సంగతులు రెండు. చేసే మార్పు వీలైనంత తక్కువగా, మళ్ళీ వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలి, చేసినదేదో రాసి పెట్టాలి. రెండవది, బండి బతికిన కాలంలో దానికి జరిగిన పాత మార్పులు కూడా దాని చరిత్రలో భాగమే.

ఈ రెండవ సంగతిని ఆ ప్రకటన చదవకుండానే ఒకరు చెప్పారు. మేము మళ్ళీ వెళ్ళినరోజు పెద్దకొడుకు డిక్కీ తెరిచి, “ముందు ఈ జింకు రేకు పీకించేయాలి, ఇది కంపెనీది కాదు” అన్నాడు. మంచం మీద ఉన్న తల్లి నెమ్మదిగా లేచి కూర్చుంది. “నాయనా, మీ నాన్న కొన్నప్పుడు ఆ రేకు లేదు. ఆ రేకు లేకపోతే మీ చదువులు లేవు” అంది.

ఎవరమూ మాట్లాడలేదు. అసలు రూపం అంటే ఏమిటో ఆమె తేల్చి చెప్పింది. పెద్దకొడుకు వెతుకుతున్నది ఉత్తరపారా ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు నాటి కారును. ఆ రోజు ఆ కారు వారి నాన్నది కానే కాదు. వారి నాన్న కారు అంటే చేపపిల్లల నీటి మరకలున్నది. మార్చకూడదని వాదించేవాడు కూడా ఒక మార్పును చెరిపేయబోయాడు.

తర్వాత మాటలు తేలికయ్యాయి. పెద్దవాడు వీఏ నంబరు ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టాడు. మామూలు రిజిస్ట్రేషనే ఐదేళ్ళకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవచ్చు. చిన్నవాడు డీజిల్ ఇంజను వదులుకున్నాడు. పాత ఇంజనే విప్పి బాగు చేయించారు. పెట్రోలు గొట్టాలు, గ్యాస్కెట్లు ఇప్పటి పెట్రోలుకు తట్టుకునేవి వేయించారు. నాలుగు చక్రాల డ్రమ్ము బ్రేకులు పూర్తిగా విప్పి కొత్త లైనింగులు వేయించారు. ఆనాటి బండిలో సీటు బెల్టులు లేవు, అవి కొత్తగా వచ్చాయి. టింకరింగ్ మేస్త్రి గడపల తుప్పు కోసి, పుట్టీతో కప్పకుండా, రేకుతోనే అతుకు వేశాడు. తీసేసిన పాత సామాను ఏదీ తుక్కుకు ఇవ్వలేదు. ఏది ఎప్పుడు తీశారో చీటీ రాసి, ఒక చెక్కపెట్టెలో పెట్టారు.

అన్నీ తీరాయని మేము చెప్పము. పాత ఇంజను, పాత రేడియేటరు ఏసీ బరువు మోయలేవని మెకానిక్కు చెప్పాడు. మే నెల ఎండలో ఆ తల్లి తడి తువ్వాలు కప్పుకొనే ఏలూరు వెళ్ళవలసి వస్తుంది. చిన్నవాడికి ఆ బాధ ఉంది. ఎండ మరీ ఎక్కువైన రోజు అద్దె కారుకు సగం డబ్బు అన్న ఇస్తానన్నాడు. రంగు విషయం ఇంకా తెగలేదు. పాత రంగు వెలిసిపోయింది. ఒకసారి గీకేస్తే మళ్ళీ వేసేది కొత్త రంగే అవుతుంది, నాన్న చెయ్యి ఆనిన రంగు రాదు. అందుకని ఆగారు. ఆగడం కూడా మంచిదే అని మేము అన్నాము.

మన కొల్లేటినే చూడండి. 1999లో అభయారణ్యం అన్నారు. 2005, 2006లలో యంత్రాలు పెట్టి చేపల చెరువుల గట్లు పగలగొట్టారు. గట్టు వేసిన రోజు అది చిన్న పనిలాగే కనబడింది. తీయవలసి వచ్చిన రోజు ఎన్ని కుటుంబాల అన్నం దానితో ముడిపడి ఉందో తెలిసింది. వెనక్కి తీసుకోలేని పని చేసేముందు ఎక్కువసేపు ఆలోచించాలని మన నీళ్ళే మనకు నేర్పాయి.

కాబట్టి ప్రియులారా, మీ ఇంట్లోనూ ఇటువంటి వస్తువు ఉండవచ్చు. కారే కానక్కరలేదు. దాన్ని ముట్టుకోబోయేముందు, ఈ పని మళ్ళీ వెనక్కి తీసుకోగలనా అని అడగండి. తీసుకోగలిగినదైతే, ఇంట్లో ఒకరికి మేలైతే, భయపడకుండా చేయండి. తీసుకోలేనిదైతే ఒక ఏడాది ఆగండి, ఇంట్లో పెద్దవారిని అడగండి. వారు చెప్పేది మీరు దాచాలనుకున్నదీ కాకపోవచ్చు, మీరు మార్చాలనుకున్నదీ కాకపోవచ్చు. డిక్కీలో జింకు రేకులాగా, మీ కళ్ళ ముందే ఉండి మీరు లెక్కలోకి తీసుకోనిది కావచ్చు.

పెద్దలు ఇచ్చినదాన్ని తెలివితో కాపాడుకొనే మనసు, అవసరమున్నవారి కోసం దాన్ని వాడే మనసు మనకందరికీ కలుగును గాక.