లాడాలు విప్పిన రాణి

గుర్రపుడెక్క అంటే కాలవలో పెరిగే మొక్క అని మా మనవరాలు చాలాకాలం అనుకుంది. దానిదేం తప్పు లెండి! గుర్రమంటే మనకి పెళ్ళి ఊరేగింపులో కనబడేదే. దాని కాలికింద ఏముందో ఒంగి చూసేదెవరు? డెబ్భైయోపడిలో పడిన నేనూ చూడలేదు, మా పెద్దవాడు రాణిని ఇంటికి తోలుకొచ్చేదాకా.

వాడికి నర్సీపట్నం దగ్గర మామిడితోట ఉంది. రాణి విశాఖపట్నంలో ఏళ్ళ తరబడి పెళ్ళికొడుకుల్ని మోసి మోసి కుంటిదైంది. కుంటిగుర్రం మీద వరుణ్ణి ఎవరెక్కిస్తారు? యజమాని వదిలించుకుందామని చూస్తూంటే, మావాడు జాలిపడి కొనేశాడు.

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువలేదని ఊరికే అన్నారా!" అంది మా ఆవిడ. అంటూనే ఉలవలు ఉడకేసింది.

పశువుల డాక్టరుగారు వచ్చి నాలుగు కాళ్ళూ ఎత్తి చూశారు. మడమల దగ్గర గిట్టలు ముడుచుకుపోయాయి. మేకులు కొట్టిన చోటే మళ్ళీ మళ్ళీ కొట్టడంతో అంచులు పెచ్చులు లేచిపోయాయి. "లాడాలు తీసేయండి. ఒక యేడాది వట్టికాళ్ళతో ఉంచి చూద్దాం," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. నా చిన్నతనంలో మా ఊరి స్టేషను దగ్గర జట్కాలు బారులు తీరి ఉండేవి. లాడం లేని గుర్రాన్ని నేనెన్నడూ చూసి ఎరగను. చెప్పుల్లేకుండా పసివాణ్ణి మిట్టమధ్యాహ్నం రోడ్డుమీదికి తరిమినట్టు కాదూ ఇది?

డాక్టరుగారు నవ్వి, రాణి కాలు మళ్ళీ ఎత్తి చూపించారు. గిట్ట పైభాగం మన గోరులాంటిదే. కోస్తే నొప్పి ఉండదు. ప్రాణమంతా లోపల ఉంది. నెలకి ఇంచుమించు సెంటీమీటరు చొప్పున పైనుంచి కిందికి పెరుగుతుంది. అంచేత ముందువైపు గిట్ట పూర్తిగా కొత్తదవడానికి యేడాది పడుతుంది. అడుగున మధ్యలో రబ్బరులా మెత్తగా, ముక్కోణంగా ఒక దిండు ఉంది. కాలు మోపినప్పుడు గిట్ట కాస్త విచ్చుకుంటుంది, ఎత్తినప్పుడు ముడుచుకుంటుంది. ఇనపకమ్మీని మేకులతో బిగించేస్తే ఆ కదలిక తగ్గిపోతుంది.

"మరి లాడాలు ఎందుకు కనిపెట్టారండీ?" అన్నాను, పట్టుకున్నానన్న ధీమాతో.

"గట్టిరోడ్లమీద బరువులు లాగితే గిట్ట పెరిగేదానికన్నా అరిగేది ఎక్కువండీ. దానికి లాడం కావలసిందే. మీ రాణి ఇప్పుడు ఏ బండి లాగాలి?" అన్నారాయన.

లాడాలు ఊడదీశారు. మొదటి రెండు నెలలూ చూడలేకపోయాను. మట్టిమీద బాగానే నడిచేది. గులకరాళ్ళు తగిలితే మాత్రం నిప్పులమీద నడిచినట్టు అడుగులేసేది. దారినపోయేవాళ్ళు, "మూగజీవాన్ని ఏడిపిస్తున్నారు," అని నాకు వినబడేట్టే అనేవారు. ఒకరోజు మావాడు పనిమీద అనకాపల్లి వెళ్ళాడు. అదను చూసి, లాడాలు కొట్టే ముసలాయనకి కబురుపెట్టాను. దొంగతనం చేస్తున్నవాడిలా గేటు దగ్గరే నుంచున్నాను.

ఆయన సంచీ దింపి, రాణి కాలు ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలితో అంచు తడిమి చాలాసేపు మాట్లాడలేదు.

"మేకు ఎక్కడ కొట్టమంటారు మాస్టారూ? పట్టే చోటేదీ? కొడితే పచ్చిలోకి దిగుద్ది. పైనుంచి కొత్తది దిగుతోంది చూడండి. దాన్ని రానివ్వండి," అన్నాడు.

జీవితమంతా లాడాలమీదే బతికినవాడు వచ్చిన బేరం వదులుకుని చెప్పిన మాట అది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆరువారాలకోసారి వచ్చి ఆకురాయితో అంచులు సరిచేసే పని ఆయనకే అప్పగించాం. వట్టికాళ్ళంటే వదిలేసిన కాళ్ళు కావని అప్పుడు తెలిసింది.

తెలిసినవి ఇంకా ఉన్నాయి. పేడలో, ఉచ్చతడిలో నుంచుంటే గిట్ట కుళ్ళుతుంది. అంచేత పొద్దున్నే పాక ఊడ్చి పొడిగా ఉంచడం నా వంతయింది. ఉలవలూ బెల్లమూ మితిమీరితే గిట్ట లోపలే వాపెక్కుతుందిట. మా ఆవిడ ప్రేమకి డాక్టరుగారు కొలత పెట్టారు. ఆవిడకి కోపం వచ్చిందనుకోండి, అది వేరే కథ.

గ్రీకుల జెనొఫోను అని ఒకాయన 2300 ఏళ్ళకి పూర్వమే గుర్రాల పెంపకంమీద పుస్తకం రాశాడు. మేకులతో కొట్టే లాడాలు ఆ రోజుల్లో వాళ్ళకి లేవు. పాకముందు గుండ్రాళ్ళు పరిచి, గుర్రాన్ని వాటిమీద తిప్పితే గిట్టలు గట్టిపడతాయని చెప్పాడు. మేమూ ఏటి గుండ్రాళ్ళు తెచ్చి నీళ్ళతొట్టి చుట్టూ పరిచాం. మొదట్లో రాణి దూరంనుంచే తొట్టికేసి చూసి నిట్టూర్చేది. దాహం ఎంతటివాళ్ళనైనా నడిపిస్తుంది కదా!

మా మనవరాలు బడిస్కేలు తెచ్చి నెలనెలా కొత్తగిట్ట కొలిచి, కేలెండరుమీద అంకె వేసేది. మర్నాటి సంక్రాంతికి పాత మేకుల కంతలన్నీ కిందికి దిగి అరిగిపోయాయి. కుంటు కనబడలేదు. ఆ నెలలోనే పాడేరువైపు సంతకి వెళ్తే, కొండదారిన బరువులు మోసుకుంటూ పొట్టిగుర్రాలు దిగొచ్చాయి. ఒంగి చూశాను, ఒక్కదానికీ లాడం లేదు. 2021లో టోక్యో ఒలింపిక్సులో గుర్రపుదూకుడు పందెంలో స్వీడను జట్టుకి బంగారు పతకం వచ్చినప్పుడు, ఆ జట్టు గుర్రాల్లో రెండు వట్టికాళ్ళతోనే దూకాయిట.

ఇది చదివి ఎవరూ రేపే లాడాలు పీకించకండి సుమా! తారురోడ్డుమీద బరువు లాగే గుర్రం వేరు, తోటలో తిరిగే గుర్రం వేరు. కాలు చూడాలి, నేల చూడాలి, చేసే పని చూడాలి, చూడగలిగినవాణ్ణి అడగాలి. నేను చేసింది మరొకటి. నా కాలు తీసుకెళ్ళి రాణికి తగిలించి, దానిమీద జాలిపడ్డాను. దాని కాలేదో చూడకుండా పడ్డ జాలి మరో నాలుగు మేకులు దిగేసి ఉండేది.

ఇప్పుడు రాత్రిపూట రాణి తిరిగితే టకటక వినబడదు. మెత్తగా, బరువుగా ఒక అడుగు, మరో అడుగు. పాత లాడాల్లో ఒకదాన్ని మా ఆవిడ అదృష్టమని గుమ్మానికి కొట్టించింది. నేను కాదనలేదు. గుమ్మం ఎక్కడికీ నడవక్కర్లేదు కదా!